షాపింగ్ లేకుండా అయితే 35 డాలర్లు ఎక్కువ

మా గ్రూపు శ్రీలంక యాత్రకి కొలంబో నుంచి వచ్చిన కొటేషన్‌లో రెండు ధరలున్నాయి. ఒకటి మనిషికి 265 డాలర్లు, దాని కిందే ఇంకోటి 300 డాలర్లు. హోటళ్లు అవే, బస్సు అదే, ఐదు రాత్రులూ అవే. తేడా అల్లా రెండో ధర పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న 'షాపింగ్ స్టాపులు లేకుండా' అన్న ముక్కే. దుకాణాలకి తీసుకెళ్తే తక్కువా, తీసుకెళ్లకపోతే ఎక్కువా? నాకు అర్థం కాలేదు. పన్నెండేళ్లు టికెటింగ్‌లో పనిచేసినదాన్ని, ఆ మాట చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

మాది నెల్లూరు. పెళ్లయ్యాక మద్రాసు వచ్చి ఎగ్మోరులో ఒక ట్రావెల్ ఆఫీసులో చేరాను. కరోనాలో ఆ ఆఫీసు మూతపడింది. ఆ తర్వాత విల్లివాక్కంలో మా ఇంట్లోంచే చిన్నచిన్న గ్రూపులు వేస్తున్నాను. కాశీ, రామేశ్వరం, నవగ్రహాలు, అంతవరకే. మా చుట్టుపక్కల రైలుపెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరైన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లే నా కస్టమర్లు. 2023 అక్టోబరులో వాళ్లలో ఒకాయన, అందరం బాబాయిగారు అంటాం, ఇంటికొచ్చి కూర్చున్నారు.

"అమ్మాయ్, రోజూ పూజలో పద్దెనిమిది శక్తిపీఠాల పేర్లూ చదువుతాం. మొదటి పేరే లంకది. అదొక్కటీ చూడకుండా పోతామేమో."

మద్రాసు నుంచి కొలంబోకి విమానంలో గంటన్నర కూడా పట్టదు. విల్లివాక్కం నుంచి తిరుశూలం ఎయిర్‌పోర్టుకి సాయంత్రం పూట కారులో వెళ్తే అంతకంటే ఎక్కువే పడుతుంది. సరే చేద్దాం అన్నాను. అప్పటిదాకా సముద్రం దాటి గ్రూపు వేయలేదు నేను.

అక్కడ హోటళ్లు, బస్సు, గైడ్ అన్నీ చూసిపెట్టే కంపెనీని మా లైన్‌లో డీఎంసీ అంటారు. నాలుగు కంపెనీలకి రాస్తే ముగ్గురు జవాబిచ్చారు, వాళ్లలో ఒకరిదే ఈ రెండు ధరల కొటేషన్. తేడా ఎందుకని వాట్సాప్‌లో అడిగితే ఆ కుర్రాడు, "షాపింగ్ ఉంటే దుకాణాలవాళ్లు సపోర్ట్ చేస్తారు మేడం" అన్నాడు. ఎవరికి సపోర్టు అని నేను అడగలేదు. అడిగి ఉంటే ఈ కథలో సగం ఉండేది కాదు.

లెక్క వేసుకున్నాను. అప్పటి రేటు డాలరుకి 83 రూపాయల చొప్పున 265 డాలర్లంటే 22,000. గ్రూపు టికెట్ రానూపోనూ 17,500. ఇన్సూరెన్స్, దారిలో భోజనాలు, నీళ్ల సీసాలు కలిపి 2,100. నా మిగులు 2,400. మొత్తం 44,000. దాని మీద జీఎస్టీ 5 శాతం, ఆ పైన అమ్మేటప్పుడే ముందుగా పట్టుకునే టీసీఎస్ పన్ను ఇంకో 5 శాతం. మనిషికి 48,510 తేలింది. 300 డాలర్ల రకం తీసుకుంటే 51,700 దాటుతుంది. పెన్షన్ మీద బతికేవాళ్లకి యాభై వేలు అన్నది ఒక గీత. ఆ గీత దాటితే సగం మంది 'వచ్చే ఏడు చూద్దాం' అంటారని నాకు తెలుసు.

అపార్ట్‌మెంట్ మొదటి అంతస్తు హాల్లో మీటింగ్ పెట్టాం. బాబాయిగారు పేపర్లో ప్రకటన ఒకటి కత్తిరించి తెచ్చారు. శ్రీలంక రామాయణ యాత్ర, 39,999 మాత్రమే. "వాళ్లకి ఎట్లా గిట్టుబాటవుతోంది నీకెందుకు కాదు?" అన్నారు. 'మాత్రమే' పక్కన ఉన్న చుక్క గుర్తుని, ప్రకటన అడుగున జీఎస్టీ, టీసీఎస్, టిప్పులు అదనం అని ఉన్న లైనుని చూపించాను. అప్పుడు టీసీఎస్ మీద పడ్డారు అందరూ.

"అయిదు శాతం ప్రభుత్వం ఎందుకు పట్టుకుంటుందమ్మా? మేం అక్కడికి డబ్బు దాచుకోడానికి పోతున్నామా?"

మాలో ఒక రిటైర్డ్ లెక్కల టీచరున్నారు. ఆవిడని టీచరమ్మ అంటాం. ఆవిడే నాకు సాయం వచ్చారు. అప్పటి రూలు ప్రకారం విదేశీ టూర్ ప్యాకేజీ ఎవరు అమ్మినా ఏడు లక్షల వరకు 5 శాతం వసూలు చేసి కట్టాలనీ, అది కొనేవాళ్ల పాన్ మీదే జమవుతుందనీ, పన్ను లేనివాళ్లు రిటర్న్ వేస్తే మొత్తం వెనక్కి వస్తుందనీ బోర్డు మీద రాసినట్టు చెప్పారు. "అంటే ఏడాదిపాటు వడ్డీ లేని అప్పు ఇస్తున్నాం, అంతే" అన్నారు చివర్లో. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు కానీ గొడవ ఆగింది.

అక్కడే నేనొక తెలివితక్కువ తెలివి చూపించాను. 265 డాలర్ల రకమే తీసుకుందామన్నాను. మూడు దుకాణాలకి తీసుకెళ్తారు, వెళ్దాం, టీ ఇస్తే తాగుదాం, ఏమీ కొనకుండా వచ్చేద్దాం. మనకి పోయేదేముంది? హాలంతా చప్పట్లు. బాబాయిగారైతే "నెల్లూరు పిల్లవి అనిపించావు" అన్నారు.

పద్దెనిమిది మంది తేలారు.

తర్వాతి మూడు నెలలు కాగితాల పనే. ముగ్గురి పాస్‌పోర్టులకి గడువు ఆరు నెలల కంటే తక్కువుంది. వాళ్లని సాలిగ్రామం పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి తీసుకెళ్లి తత్కాల్‌లో రెన్యూ చేయించాం, ఒక్కొక్కరికీ 3,500. వీసా విషయంలో మాత్రం అదృష్టం కలిసొచ్చింది. 2023 నవంబరు చివర్లో శ్రీలంక ప్రభుత్వం ఏడు దేశాలవాళ్లకి వీసా ఫీజు తీసేసింది. భారత్, చైనా, రష్యా, మలేషియా, జపాన్, ఇండోనేషియా, థాయిలాండ్. 2024 మార్చి 31 దాకా. ఫీజు లేకపోయినా ఆన్‌లైన్‌లో ఈటీఏకి, అంటే ముందస్తు ప్రయాణ అనుమతికి, అప్లై చేయాల్సిందే. ఒకావిడ పాస్‌పోర్టు నంబరులో సున్నాకి బదులు 'ఓ' కొట్టాను, మళ్లీ మొదటి నుంచి చేశాను. డబ్బు పోలేదు, ఒక రాత్రి నిద్ర పోయింది.

దివాలా తీసిన దేశం వీసా ఫీజు వదులుకోవడమేమిటని బాబాయిగారికి అనుమానం. నేను చదివి తెలుసుకున్నది చెప్పాను. 2018లో ఆ దేశానికి 23 లక్షల మంది టూరిస్టులు వచ్చారు, వాళ్ల వల్ల 438 కోట్ల డాలర్లు వచ్చాయి. బయట పనిచేసేవాళ్లు ఇంటికి పంపే డబ్బు, బట్టల ఎగుమతి, వాటి తర్వాత డాలర్లు తెచ్చేది టూరిజమే. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ ఆదివారం చర్చిల్లో, కొలంబో పెద్ద హోటళ్లలో బాంబులు పేలాయి. మరుసటి ఏడు కరోనా. 2021లో వచ్చినవాళ్లు రెండు లక్షలు కూడా లేరు, ఆదాయం 50 కోట్ల డాలర్ల దగ్గరికి పడిపోయింది. పెట్రోలు, మందులు, గ్యాస్ అన్నీ డాలర్లు పెట్టి తెచ్చుకునే ద్వీపం అది. టూరిజం ఒక్కటే కారణం కాదు. పన్నులు తగ్గించడం, అప్పులు, రసాయన ఎరువులు నిషేధించడం, అన్నీ కలిశాయి. కానీ చేతిలో ఆడే డాలర్లు ఆగిపోవడంతో మిగతావన్నీ ఒక్కసారే బయటపడ్డాయి. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని చెప్పేశారు. జులైలో అధ్యక్షుడే దేశం విడిచి వెళ్లిపోయాడు. అలాంటి చోట వచ్చిన ప్రతి మనిషీ సగటున వెయ్యి డాలర్ల పైనే ఖర్చు పెడతాడంటే, గుమ్మం దగ్గర ఫీజు అడగకపోవడమే లాభం.

"పెళ్లికి పిలిచి భోజనానికి టికెట్ పెట్టకూడదు" అన్నారు టీచరమ్మ.

అడ్వాన్స్ పంపడానికి బ్యాంకుకి మూడుసార్లు తిరిగాను. విదేశానికి డబ్బు పంపడానికి నింపే ఏ2 ఫారం, ఎందుకు పంపుతున్నామో చెప్పే పర్పస్ కోడ్, ఇన్వాయిస్ మీద నా సంస్థ పేరులో ఒక అక్షరం తేడా. కౌంటర్లో అబ్బాయి "మీరెందుకు మేడం శ్రీలంకకి డబ్బు పంపుతున్నారు?" అని అడిగిన తీరు చూస్తే నేనే వాళ్ల అప్పు తీరుస్తున్నానేమో అనిపించింది.

కొలంబోలో ఒక రాత్రి ఉందామనుకున్నాం. 2023 అక్టోబరు నుంచి కొలంబో నగరంలో స్టార్ హోటళ్లు ఇంతకంటే తక్కువకి గది ఇవ్వకూడదని రూలు పెట్టారు. ఐదు నక్షత్రాలకి 100 డాలర్లు, అట్లా కిందికి. హోటళ్లు ఒకదానితో ఒకటి పోటీ పడి రేట్లు చంపుకోకూడదని ప్రభుత్వం ఉద్దేశం. మాకు మాత్రం కొలంబో దాటిపోయి నెగొంబోలో ఉండాల్సి వచ్చింది. ఎయిర్‌పోర్టుకి దగ్గర, సముద్రం పక్కన. నిజానికి అదే నయమైంది.

జనవరిలో ఇంకో దెబ్బ. కొత్త సంవత్సరం నుంచి అక్కడ వ్యాట్ 15 నుంచి 18 శాతానికి పెంచారు. ఐఎంఎఫ్ ఇచ్చే 290 కోట్ల డాలర్ల షరతుల్లో ఆదాయం పెంచుకోవడం ఒకటి కదా. డీఎంసీ కుర్రాడు మనిషికి 4 డాలర్లు ఎక్కువ అడిగాడు. గ్రూపుని అడిగితే మళ్లీ మీటింగు, మళ్లీ పేపర్ కటింగు. ఎందుకొచ్చిన గొడవ అని నా మిగులులోంచే ఇచ్చేశాను. ఆరు వేలు.

2024 ఫిబ్రవరి 16న బయల్దేరాం. నాలుగు రోజుల ముందే అక్కడ యూపీఐ మొదలైందని టీవీలో చూసి బాబాయిగారు డబ్బు మార్చుకోకుండా ఫోన్ ఊపుకుంటూ వచ్చారు. దిగిన గంటకే రోడ్డు పక్కన కొబ్బరిబోండాలు. అక్కడ నారింజరంగు బోండాలుంటాయి, తంబిలి అంటారు. తాగేశాక "స్కానర్ ఉందా?" అని అడిగారు. ఆ ముసలాయన ఫోన్ నంబరు అడుగుతున్నారనుకుని తన నంబరు చెప్పాడు. నేను కట్టాను.

బస్సు పాతది, ఇరవై ఆరు సీట్ల జపాన్ బండి. శుభ్రంగా ఉంది. డ్రైవరు, క్లీనరు, గైడు. డ్రైవర్‌కి నలభై దాటి ఉంటాయి. సింహళం, ఇంగ్లీషుతో పాటు తమిళం కూడా పర్వాలేదు. "నన్ను మల్లీ అనండి" అన్నాడు. సింహళంలో తమ్ముడని. మా వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లు అది పేరనుకుని, మగవాడికి మల్లి అని పేరేమిటని చిలాపం చేరేదాకా నవ్వుతూనే ఉన్నారు.

మొదటిరోజు చిలాపం దగ్గర మున్నేశ్వరం శివాలయం చూసి దంబుల్లలో ఆగాం. రెండోరోజు పొద్దున సిగిరియ రాతికొండ. పైకి పన్నెండొందల మెట్లు. మోకాళ్లు ఒప్పుకోవని ముగ్గురే టికెట్ తీసుకున్నారు, సార్క్ దేశాల పాస్‌పోర్టుకి రాయితీ ఉంది. మిగతావాళ్లం కింద చెట్టు కింద కూర్చున్నాం. అక్కడ బుట్టలో నాగుపాముతో ఒకతను కూర్చుని ఉన్నాడు, పక్కన ఒక కోతి. టూరిస్టులు దగ్గరికొస్తే మూత తీస్తున్నాడు. కోతిని అదిలిస్తూ అతనన్న మాట చెవిన పడి టీచరమ్మ ఠక్కున లేచారు. తెలుగు! యాస మనది కాదు, మధ్యలో సింహళం కలుస్తోంది, అయినా పాము, నీళ్లు, రా, పో అన్నీ మనవే. అహికుంటక అంటారట వాళ్లని. ఎన్ని తరాల కింద వచ్చారో అతనికే తెలియదు. కిందున్న మావాళ్లంతా చుట్టూ చేరి ఒకేసారి తెలుగు మాట్లాడేసరికి పాపం బెదిరిపోయాడు. కరోనాలో రెండేళ్లు ఎట్లా బతికారని అడిగాను. "పాముకి తిండి పెట్టలేక అడవిలో వదిలేశా" అన్నట్టు అర్థమైంది. ఇది తర్వాత పట్టుకున్నదట.

తిరుకోణమలై (ట్రింకోమలీ) గురించి ఎక్కువ రాయను. కోణేశ్వరం గుడి కొండ అంచున, కింద సముద్రం. పాత గుడిని పోర్చుగీసువాళ్లు కూలగొట్టారు. ఇప్పుడున్నది తర్వాత కట్టింది, మేం చూడాలనుకున్న శక్తిపీఠం, శాంకరీదేవి సన్నిధి ఆ పక్కనే. దారిలో కోట దగ్గర చుక్కల జింకలు రోడ్డు మీద ఆవుల్లా తిరుగుతున్నాయి. బాబాయిగారు లోపల చాలాసేపు కూర్చున్నారు. బయటికొచ్చి "అయిపోయిందమ్మాయ్" అని మాత్రమే అన్నారు.

మూడోరోజు నుంచి దుకాణాలు.

మాతలేలో స్పైస్ గార్డెన్. దాల్చినచెక్క, కోకో, వెనీలా తీగ చూపించారు, బాగుంది. తర్వాత ఒక షెడ్డులో కూర్చోబెట్టి మోకాళ్ల నూనె రాశారు, తలకి ఏదో పట్టించారు. ఆ తర్వాత రేట్ల కార్డు. మావాళ్లు నూనె రాయించుకుని లేచారు. ఒకావిడ చిన్న దాల్చినచెక్క కట్ట కొంది, బాబాయిగారు ఆవిడ వైపు తప్పు చేసినట్టు చూశారు. సాయంత్రం కాండీలో రత్నాల షాపు. గనిలోంచి నీలాలు ఎట్లా తీస్తారో వీడియో వేశారు, టీ ఇచ్చారు. టీ తాగి, వీడియో బాగుందని మెచ్చుకుని, అందరం బయటికొచ్చాం. బస్సెక్కాక ఒకరి చేతులు ఒకరు కొట్టుకుని నవ్వుకున్నారు. పిల్లలు స్కూలు ఎగ్గొట్టినట్టు.

గైడ్ ఆ తర్వాత మైకు పట్టుకోలేదు. బుద్ధుడి దంతం ఉన్న గుడి, దలదా మాలిగావ దగ్గర రెండు ముక్కలు చెప్పి పక్కకి వెళ్లిపోయాడు. మిగతాది టీచరమ్మే చెప్పారు. కాండీని ఏలిన చివరి నలుగురు రాజులూ నాయక్కర్లే. 1739 నుంచి 1815 దాకా. మదురై వైపు నుంచి వచ్చిన తెలుగు మూలాల కుటుంబం. ఎదురుగా కనిపించే చెరువు తవ్వించింది ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహ. 1815లో ఇంగ్లీషువాళ్లు పట్టుకుని మన వేలూరు కోటలో పెట్టారు, 1832లో అక్కడే పోయాడు. "వేలూరు గోల్డెన్ టెంపుల్‌కి నాలుగుసార్లు వెళ్లాం, ఆయన సమాధి ఒక్కసారీ చూడలేదు" అన్నారావిడ.

ఆ రాత్రి ఒకావిడకి వేడినీళ్లు కావాలంటే కిందికి దిగాను. వంటగది వెనక డ్రైవర్ల గది ఉంటుంది అక్కడి హోటళ్లలో. మల్లీ మెట్ల మీద కూర్చుని ఫోన్లో ఎవరితోనో మాట్లాడి పెట్టేశాడు. ఏమైంది తమ్ముడూ అని అడిగాను, తమిళంలోనే.

చెప్పడానికి మొదట ఇష్టపడలేదు. తర్వాత ఒక్కొక్కటే వచ్చింది. అతనిది నెగొంబో దగ్గర. 2018 చివర్లో లీజు మీద వ్యాన్ కొన్నాడు. అప్పుడు టూరిస్టులు ఎక్కువ, ఆరేళ్లలో తీరిపోతుందనుకున్నాడు. నాలుగు నెలలకే ఈస్టర్. బాంబు పేలిన చర్చిల్లో ఒకటి వాళ్ల ఊరిదే. మర్నాటి నుంచి బుకింగులన్నీ రద్దు. తర్వాత కరోనా, కట్టలేకపోయిన లీజు వాయిదాలు. 2022లో డీజిల్ కోసం బంకు ముందు రెండు పగళ్లు రెండు రాత్రులు బండిలోనే పడుకున్నాడు. ఆ తర్వాత క్యూఆర్ కోడ్ పెట్టి వారానికి ఇంతని ఇచ్చారు. చివరికి లీజు కంపెనీ బండి పట్టుకుపోయింది. డాలర్లు లేక ప్రభుత్వం 2020 నుంచే వాహనాల దిగుమతి ఆపేసింది కాబట్టి పాత బళ్ల రేట్లు పెరిగిపోయాయి. "నేను కొన్న రేటుకి రెట్టింపు పలుకుతోంది అక్కా ఆ వ్యాను. ఇప్పుడు వేరేవాడు నడుపుతున్నాడు."

మరి ఇప్పుడు జీతమెంత అని అడిగాను. జీతం లేదట. బండి తిరిగిన రోజుకి 2,500 లంక రూపాయల బత్తా. మన డబ్బులో ఏడు వందలు కూడా రాదు. మిగిలింది దుకాణాల కమిషన్ మీదే. బిల్లులో పాతిక శాతం, ఒక్కోచోట ముప్పై కూడా అని అతను చెప్పిన లెక్క. అది గైడు, డ్రైవరు, కొంత కంపెనీ పంచుకుంటాయి. అందుకే షాపింగ్ ఉన్న కొటేషన్‌లో వాళ్ల కూలి రాయరు.

"మీ గ్రూపు మంచిదక్కా. వేళకి వస్తారు, బస్సు పాడుచేయరు. కానీ..." అని ఆగిపోయాడు.

వేడినీళ్ల ఫ్లాస్కు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆ 35 డాలర్లు ఏమిటో అప్పుడు తెలిసింది. పద్దెనిమిది మందికి 630 డాలర్లు. అది తగ్గింపు కాదు, డ్రైవరు, గైడు ఇద్దరి కూలి. మేం కొంటామన్న నమ్మకం మీద వాళ్ల కంపెనీ ముందే తీసేసింది. కొనకూడదని నేను ముందే చప్పట్లు కొట్టించాను.

పొద్దున రంబొడ హనుమంతుడి గుడి మెట్ల దగ్గర, గైడ్ దూరంగా ఉన్నప్పుడు, మావాళ్లకి చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను, నా తప్పని కూడా. అందరూ మెత్తబడతారనుకున్నాను. అదేం లేదు.

"వాళ్ల కంపెనీ వాళ్లకి ఇవ్వకపోతే మనమా ఇచ్చేది?" అన్నారొకరు. "ఇదంతా ముందే మాట్లాడుకుని ఆడుతున్న నాటకం కాదని ఏమిటి నమ్మకం?" అని ఇంకొకరు, నా మొహం వైపే చూస్తూ. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. బాబాయిగారు మాట్లాడలేదు. టీచరమ్మ నోటుబుక్కు తీసి లెక్క వేసి, "మనకి తెలియక చేస్తే అమాయకత్వం, తెలిశాక చేస్తే బేరం కాదు" అని తన వంతు రెండువేల లంక రూపాయలు తీసి నా చేతిలో పెట్టారు.

నువరెలియ దారిలో టీ తోట దగ్గర ఆగాం. ఆకు కోసే ఆడవాళ్లు, మన తమిళం మాట్లాడేవాళ్లు, ఫొటో తీసుకుంటారా అని వాళ్లే పిలిచారు. రోజుకెంత అని అడిగితే వెయ్యి లంక రూపాయలన్నారు. మన డబ్బులో 270 దాకా. ఫొటోకి ఐదొందలిస్తే సగం రోజు కూలి. వాళ్లు తోటకంటే రోడ్డు వైపు ఎందుకు చూస్తున్నారో అప్పుడు అర్థమైంది. రాత్రి హోటల్లో వడ్డించిన కుర్రాడిని కూడా అడిగాను, ఇక అదే పిచ్చి పట్టింది నాకు. బిల్లులో పది శాతం సర్వీస్ ఛార్జి ఉంటుంది కదా, అది నెలాఖరున వాళ్లందరికీ పంచుతారట. హోటల్ నిండితే జీతానికి సమానంగా వస్తుంది, ఖాళీగా ఉంటే ఏమీ రాదు. 2021లో అతనితో చేరినవాళ్లలో చాలామంది గల్ఫ్‌కి, మాల్దీవులకి వెళ్లిపోయారు. ఆ దేశపు టూరిజం అంతా ఇట్లా రాని మనిషి మీద ఆశ పెట్టుకుని నడుస్తోందనిపించింది. జీతం చిన్నది, మిగతాదంతా వచ్చేవాళ్ల చేతి చలవ. వచ్చేవాళ్లేమో నాలాంటివాళ్లు.

సీతఎలియలో సీతమ్మ గుడి వెనక వాగు దగ్గర మావాళ్లు పసుపూ కుంకుమా పెట్టుకుంటుంటే బాబాయిగారు వచ్చి పక్కన నిలబడ్డారు. జేబులోంచి నోట్లు తీశారు. "ఫోన్‌పే పనిచెయ్యదుగా" అన్నారు. కొబ్బరిబోండానికి నేను కట్టింది కూడా కలిపి ఇచ్చారు.

పద్నాలుగు మంది ఇచ్చారు. 28,000 లంక రూపాయలు. నేను 32,000 కలిపాను. నెగొంబో హోటల్ ముందు డ్రైవరుకి పాతికవేలు, గైడుకి పాతికవేలు, క్లీనరుకి పదివేలు. గైడ్ కవరు తీసుకుని లెక్కపెట్టలేదు. ఎయిర్‌పోర్టుకి పోయే అరగంటలో మాత్రం మళ్లీ మైకు పట్టుకుని కెలనియ గుడి దగ్గర చెప్పకుండా వదిలేసిన విభీషణుడి కథంతా చెప్పాడు. 630 డాలర్లకి ఇది మూడో వంతు కూడా కాదు, ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

ఇంటికొచ్చి లెక్కలు చూసుకుంటే నాకు మిగిలింది 28,700. నాలుగు నెలల పనికి. ఇవ్వనివాళ్లు నలుగురిలో ఒకాయన ఇప్పటికీ లిఫ్టులో కనిపిస్తే మాట్లాడరు.

డీఎంసీ కుర్రాడికి ఫోన్ చేసి, ఇట్లా ఎందుకు చేస్తారని అడిగాను. "మేడం, 300 అని పంపితే మద్రాసులో ఎవరూ తీసుకోరు. మీరు తీసుకున్నారా?" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర. పేపర్లో ఆ 39,999 ఎట్లా గిట్టుబాటవుతుందో కూడా అప్పుడే తెలిసింది. మా వీధిలో ఇద్దరు దాంట్లో వెళ్లొచ్చారు. ఆరు దుకాణాలు. ఒకావిడ నీలమని కొన్న రాయిని పాండీబజారులో చూపిస్తే షాపువాడు నవ్వి ఊరుకున్నాడట.

ఆ తర్వాత అక్కడ చాలా మారింది. 2024 ఏప్రిల్‌లో వీసా పని బయటి కంపెనీల చేతికిచ్చి కొత్త వెబ్‌సైట్ పెట్టారు, ఎయిర్‌పోర్టులో గొడవలయ్యాయి, ఆగస్టులో వాళ్ల సుప్రీంకోర్టు దాన్ని ఆపింది, సెప్టెంబరు చివర్లో పాత ఈటీఏ మళ్లీ వచ్చింది. ఆ ఏడు మొత్తం టూరిస్టులు ఇరవై లక్షలు దాటారు, అందులో మనవాళ్లే నాలుగు లక్షల పైన. అంటే నాలాంటి కొటేషన్లు ఎన్ని వేలు తిరిగి ఉంటాయో.

ఇప్పుడు మార్చికి రెండో గ్రూపు వేస్తున్నాను. ఈసారి షాపింగ్ లేదు. డ్రైవరు, గైడు, క్లీనరు కూలి ఎంతో కొటేషన్‌లో విడిగా లైను రాయమన్నాను. మూడు కంపెనీల్లో ఒకటే రాసింది. మల్లీ ఆ కంపెనీకే మారాడు, అతను నడిపే బండే పంపుతామన్నారు. ధర అన్నీ కలిపి 52,400. హాల్లో మీటింగు అయింది, బాబాయిగారు మళ్లీ పేపర్ కటింగు తెచ్చారు, ఈసారి 41,999. అది తెచ్చి, చదివి, మడిచి జేబులో పెట్టుకుని, పేరు రాయించారు. ఆయనకి ఇది రెండోసారి, వాళ్ల బావమరిదిని కూడా తీసుకొస్తారట.

గ్రూపు టికెట్‌కి డిపాజిట్ శుక్రవారంలోగా కట్టాలి. కనీసం పదిహేను మంది కావాలి. ఇప్పటికి తొమ్మిది పేర్లు.